బాయిలర్ పక్కన మంచం

నా కోడలి కాళ్ళు మళ్ళీ పడిపోయిన రోజు నేను ఇద్దరు కస్టమర్లని తిట్టాను. ఒకాయన్ని న్యాయంగానే తిట్టాను. సిల్కు చొక్కా జేబులో పెన్ను వదిలేసి, ఆ మరక మావల్లే పడిందని గొడవకొచ్చాడు. రెండో ఆయన పాపం, కోటు అయిందా అని అడిగాడంతే. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి మావాడి కేక వినబడింది.

"అమ్మా! తను లేవలేకపోతోంది!"

ఆ కోటాయన మీద ఏం అరిచానో నాకే గుర్తులేదు. ఆయన మాత్రం ఇప్పటికీ గుమ్మంలో నిలబడి, నా మొహం చూసి, అప్పుడు లోపలికొస్తాడు.

మాది లాండ్రీ. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో బాయిలర్ గది. ఇస్త్రీలకి ఆవిరి అక్కణ్ణుంచే వస్తుంది. పెళ్ళై వచ్చినప్పట్నుంచీ నేను ఆ ఆవిరిలోనే బతికాను. బయటివాళ్ళు లోపల అడుగుపెట్టగానే "బాబోయ్" అని పైబట్టలు విప్పేస్తారు. మాకేమో అది మామూలు గాలి. ఎప్పుడైనా బాయిలర్ ఆగితేనే, ఇల్లంతా శవంలా ఉందే అని భయమేస్తుంది.

నా కోడలిది మంచి చెయ్యి. కుచ్చుల గౌనులు, మడతల లంగాలు ఆ పిల్ల ఇస్త్రీ చేస్తే మడత మీద మడత కూర్చునేది. అలాంటిది ఒకరోజు బల్ల దగ్గర నిలబడి, "అత్తయ్యా, నా కాలు నాది కాదన్నట్టుంది" అంది. నేను నవ్వాను. తర్వాత ఒక కన్ను మసకబారింది. ఆ తర్వాత నవ్వలేదు.

రోగం పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. ఆ మాట పలకడానికి నోరు తిరిగేసరికే నా తల ప్రాణం తోకకొచ్చింది. నరాల డాక్టరమ్మ నాకు అర్థమయ్యేట్టే చెప్పింది. ఇస్త్రీ పెట్టె తీగ మీద తొడుగుంటుందే, అలాంటి తొడుగే నరాలకీ ఉంటుందట. మన ఒంట్లో మనల్ని కాపాడాల్సిన సైన్యమే బుద్ధి గడ్డితిని, ఆ తొడుగుని కొరికేస్తుందట. కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకుంటాం? మందులు వాడాం. మందు మీద మందు మార్చాం. ఆ పిల్ల చేతికి కర్ర వచ్చింది.

అప్పుడే ఒకాయన రంగురంగుల పుస్తకం పట్టుకుని కొట్టుకే వచ్చాడు. పరదేశంలో స్టెమ్ సెల్ వైద్యమట. చక్రాల కుర్చీలో వెళ్ళినవాళ్ళు డాన్సులు చేస్తూ తిరిగొస్తారట. బొమ్మలు చూపించాడు. మావాడి కళ్ళు అప్పటికే తడిసిపోయాయి. నేను ఒక్కటే అడిగాను.

"బాబూ, ఇది ఎవరికి పనిచెయ్యదు?"

"అందరికీ పనిచేస్తుందమ్మా. గ్యారంటీ."

లేచి తలుపు తీశాను. మరక చూడకుండానే పోతుందని చెప్పే లాండ్రీకి ఎవరైనా బట్టలిస్తారా? ఆయన వెళ్ళాక మావాడు నాతో మాట్లాడటం మానేశాడు. "ఉన్న ఒక్క దారీ మూసేశావు" అన్నాడు. కోడలు మాత్రం, "అత్తయ్య తీసిన తలుపు మంచిదేలెండి, గాలి ఆడింది" అంది. దాని నోరు నాకిష్టం.

తర్వాత డాక్టరమ్మే ఇంకో ఆసుపత్రి సంగతి చెప్పింది. అదీ పరదేశమే. కానీ వాళ్ళు బొమ్మలేం పంపలేదు. స్కానింగులు పంపమన్నారు. చూసి, ఇంకోసారి పంపమన్నారు. మీ కోడలు దీనికి సరిపోతుందో లేదో ఆలోచించి చెప్తామన్నారు. చివరికి రమ్మన్నప్పుడు కూడా ముందే చెప్పేశారు. ఆ పిల్ల రక్తంలోంచే విత్తనాల్లాంటి కణాలు, ఆ స్టెమ్ సెల్సే, తీసి దాచిపెడతారు. ఘాటు మందులిచ్చి, బుద్ధిలేని ఆ సైన్యాన్ని మొత్తం తుడిచేస్తారు. దాచిన విత్తనాలు తిరిగి ఎక్కిస్తారు. కొత్త సైన్యం మొలుస్తుంది. పోయిన శక్తి తిరిగి రాకపోవచ్చు, ఇక పోకుండా ఆపడమే మా ప్రయత్నం, ప్రాణానికి కూడా కొంత ప్రమాదం ఉంది అన్నారు. ఇంత భయపెట్టినవాళ్ళనే నేను నమ్మాను.

భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. నేను కొట్టు చూసుకుంటూ ఇక్కడే ఉండిపోయాను. ఫోన్‌లో ఆ పిల్ల మొహం చూస్తే మొదట్లో జుట్టుండేది, తర్వాత లేదు. ఒకరోజు మాట్లాడేది, ఇంకోరోజు కళ్ళు కూడా తెరిచేది కాదు. ఆ రోజుల్లో ఎంతమంది బట్టలు మాడ్చానో చెప్పను.

వచ్చింది. తలకి టోపీ, ఒంటి మీద ఎముకలు తప్ప ఏమీ లేవు. కానీ కర్ర లేకుండా, మావాడి చెయ్యి పట్టుకుని, గుమ్మం దాటి నడుచుకుంటూ వచ్చింది. దిష్టి తీద్దామని నోటిదాకా వచ్చింది గానీ, ముందు చేతులు కడుక్కోమన్నారు కదా అని సబ్బు దగ్గరికి పరిగెత్తాను.

జాగ్రత్తలు చాలా చెప్పారట. జనంలో తిరక్కూడదు, జలుబున్నవాళ్ళని దగ్గరికి రానివ్వకూడదు, ఎండకీ వేడికీ దూరంగా ఉండాలి. చివరిది విని అందరం నవ్వుకున్నాం. చలికాలం, బయట వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, ఇంకెక్కడి వేడి?

నేను ఊరుకుంటానా! ఇంట్లో అన్నిటికంటే వెచ్చని చోటు బాయిలర్ గది గోడ పక్కన. పిల్లకి అక్కడే మంచం వేయించాను. చలిగాలి దూరకుండా కిటికీ సందులన్నీ గుడ్డలతో బిగించాను. స్వెట్టరు మీద స్వెట్టరు తొడిగాను. రోజూ పొగలు కక్కే నీళ్ళతో స్నానం. కొట్టులో ఎవడైనా తుమ్మితే బట్టలు చేతికిచ్చి బయటికి నెట్టాను. మా వీధిలో ఎవరూ అలాంటి అత్తని చూసి ఉండరు. నిజం, నాకు నేనే ముద్దొచ్చాను.

"అత్తయ్యా, ఉక్కపోస్తోంది" అనేది అప్పుడప్పుడు.

"ఉక్కేంటి నీ మొహం? ఒంట్లో పిడికెడు రక్తం లేదు. చలి పట్టిందంటే ఇంకేమన్నా ఉందా? కప్పుకో."

ఆ పిల్ల కప్పుకునేది. నీరసంగా ఉందనేది. మందుల నీరసం అనుకునేవాళ్ళం.

ఆ రోజు ఒక పెద్ద హోటల్ నుంచి కర్టెన్లన్నీ వచ్చి పడ్డాయి. పొద్దుటి నుంచీ బాయిలర్ ఊపిరి తీసుకోకుండా నడుస్తోంది. మావాడి కేక విని వెళ్ళేసరికి కోడలు మంచం అంచున కూర్చుని ఉంది. మొహం ఎర్రగా కందిపోయింది. లేవబోతే మోకాళ్ళు కూలిపోతున్నాయి.

"అత్తయ్యా, మీ మొహం కనబడట్లేదు" అంది. ఆ తర్వాత చాలా నెమ్మదిగా, "మళ్ళీ వచ్చేసింది" అంది.

మావాడు నేల మీద చతికిలబడ్డాడు. ఇంట్లో ఒకళ్ళన్నా నిలబడాలి కదా.

"ఒరేయ్, లే! ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని, ముందు వ్యాను తియ్!"

డెలివరీ వ్యాను వెనక భాగంలో దుప్పట్లు పరిచి పడుకోబెట్టాం. పైన కడ్డీకి కోట్లు, సూట్లు వేలాడుతున్నాయి, దింపే తీరిక లేదు. ఇనప డబ్బా, లోపల మంచుగడ్డలా ఉంది. నేను పక్కన కూర్చుని, నా ఒంటి మీది శాలువా కప్పబోయాను. తోసేసింది. పోట్లాడే ఓపిక నాకూ లేదు.

"అత్తయ్యా" అంది కళ్ళు మూసుకునే. "నిజంగా వచ్చేసుంటే నన్ను మళ్ళీ అక్కడికి పంపకండి. ఇంకోసారి నావల్ల కాదు. ఆయనకి మీరే చెప్పండి. నేను చెప్తే ఏడుస్తాడు."

"చాల్లే, నోర్ముయ్" అన్నాను. దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అంత నరకం పడి వచ్చిన పిల్ల. ఆ నరకమంతా బూడిదలో పోసిన పన్నీరేనా? ఏ దేవుణ్ణి తిట్టాలో తెలీక వ్యాను నడుపుతున్న మావాణ్ణి తిట్టాను, గుంతలు చూసుకోమని.

సగం దారి దాటాం. ఆ పిల్ల నిద్రపోయిందేమో అనుకున్నాను.

"ఈ నల్లకోటుకి గుండీ ఊడిపోయింది" అంది ఉన్నట్టుండి. "తీసుకునేటప్పుడు చూసుకోలేదా?"

పైకి చూశాను. నిజమే. మూడో గుండీ లేదు, దారం పోగు వేలాడుతోంది. గుండీ సంగతి బుర్రకెక్కడానికి నాకు కాసేపు పట్టింది. ఆ తర్వాత అరిచాను.

"అది నీకెలా కనబడింది?"

ఆ పిల్ల నా వైపు తిరిగింది. నన్నే చూస్తోంది, సరిగ్గా నా కళ్ళలోకి. దుప్పటి కింద కాలు ముడిచింది, చాపింది. మళ్ళీ ముడిచింది.

"ఏమిటే ఇది? నాటకాలాడుతున్నావా?" అన్నాను. అనకూడని మాటే. కానీ దానికి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి నాకు ఇంకా భయమేసింది. సంతోషపడాలో వద్దో తెలీనప్పుడు మనిషి పడే అవస్థ పగవాడికి కూడా వద్దు.

ఆసుపత్రిలోకి నా భుజం పట్టుకుని నడిచే వెళ్ళింది. మావాడు వెనక నోరు తెరుచుకుని వచ్చాడు. డాక్టరమ్మ మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టి చూసింది, కళ్ళలో లైటు వేసింది, నడిపించింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కాళ్ళు పట్టు తప్పినప్పుడు ఎక్కడున్నావమ్మా?"

"ఎక్కడికీ వెళ్ళనివ్వలేదండీ" అని నేనే అందుకున్నాను. నా జాగ్రత్తలన్నీ ఏకరువు పెట్టాను. కిటికీలకి గుడ్డలు, స్వెట్టర్లు, పొగలు కక్కే స్నానాలు, మంచం. "బాయిలర్ గోడకి ఆనించి వేశామండీ. మా ఇంట్లో అంతకంటే వెచ్చని చోటు లేదు."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసేసింది.

"బాయిలరా?"

"స్టీముదండీ. ఇవాళ పొద్దుట్నుంచీ ఆగలేదు."

ఆవిడ నవ్వలేదు, నవ్వాపుకుంది. అది ఇంకా ఘోరం. తొడుగు చిరిగిన పాత నరాలకి వేడి తగిలితే కాసేపు పనిచెయ్యవట. ఒళ్ళు చల్లబడగానే మళ్ళీ దారికొస్తాయట. అది రోగం తిరగబెట్టడం కాదట, తొడుగు చిరిగినచోట మిగిలిన పాత మచ్చలు చేసే అల్లరట. "వేడికి దూరంగా ఉండమంటే ఎండ ఒక్కటే కాదమ్మా" అంది.

"ఇదివరకు ఇస్త్రీ బల్ల దగ్గర కూడా ఇలాగే అయ్యేది" అంది కోడలు. "అదంతా రోగం ముదరడమే అనుకున్నాను."

మేం ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. జన్మంతా ఆవిరిలో ఉన్నవాళ్ళకి వేడి అనే మాట ఎలా తడుతుంది?

"అయినా ఊహ మీద వదలను" అంది డాక్టరమ్మ. "స్కాన్ చూద్దాం. కొత్త మచ్చ ఉంటే అది వేరే సంగతి."

ఆ పిల్లని లోపలికి తీసుకెళ్ళారు. మావాడు గోళ్ళు కొరుకుతుంటే చేతి మీద ఒక్కటేశాను. తర్వాత ఆ చెయ్యే పట్టుకుని కూర్చున్నాను. వాడు పెద్దయ్యాక నేను వాడి చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. వ్యానులో ఆ పిల్ల అన్న మాట వాడికి చెప్పాలా వద్దా అని నాలో నేనే కొట్టుకుంటున్నాను.

చెప్పే అవసరం రాలేదు.

"కొత్త మచ్చ ఒక్కటి కూడా లేదు" అంది డాక్టరమ్మ. "ఉన్నవి కూడా చల్లారి ఉన్నాయి. ఇకముందు కూడా చూస్తూనే ఉండాలి. కానీ ఇవాళ్టికి చెప్తున్నాను, చికిత్స నిలబడింది."

నేను ఏడ్చాను. చెయ్యి అడ్డం పెట్టుకుని కాదు, కొంగులో మొహం దాచుకుని కాదు, నడవాలో అందరి ముందూ, పసిపిల్లలా గట్టిగా. ఏడుస్తూనే తిట్టాను. ఆ పుస్తకం పట్టుకొచ్చిన వాణ్ణి తిట్టాను, హోటల్ కర్టెన్లని తిట్టాను, బాయిలర్‌ని దాని పుట్టుకతో సహా తిట్టాను.

"అత్తయ్యా, ఇక చాలు" అంది కోడలు నా వీపు రాస్తూ. "నన్ను ఉడకబెట్టింది మీరు. తిట్లు దానికెందుకు?"

"ఉక్కపోస్తోందని గట్టిగా చెప్పొచ్చు కదే!"

"చెప్పాను. స్వెట్టరు తొడిగారు."

మావాడు నవ్వడం మొదలుపెట్టి, మధ్యలో ఏడుపులోకి జారిపోయాడు. వాడంతే.

తిరిగొచ్చేటప్పుడు ముగ్గురం వ్యాను ముందు సీట్లోనే ఇరుక్కుని కూర్చున్నాం. కాస్త దూరం వెళ్ళాక, "అద్దం దించనా?" అని అడిగింది కోడలు, నా వైపు భయంగా చూస్తూ.

"దించు. రెండు వైపులా దించు" అన్నాను.

చలిగాలి కత్తిలా కొట్టింది. మావాడు భుజాలు చెవులదాకా ఎత్తుకున్నాడు. నా పళ్ళు టకటకలాడుతున్నాయి. ఆ పిల్ల టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. నున్నటి తల మీద అప్పుడప్పుడే మొలుస్తున్న నూగుకి గాలి తగలనిస్తూ కళ్ళు మూసుకుంది. చెప్పులు విప్పేసి, కాళ్ళు రెండూ ముందుకి చాపి, వేళ్ళు ఒక్కొక్కటీ కదిపి చూసుకుంటోంది. నేను వణుకుతూ ఆ వేళ్ళ వైపే చూస్తూ కూర్చున్నాను. ఇల్లు వచ్చేదాకా కదుపుతూనే ఉంది.