తొమ్మిది నుంచి ఒకటిన్నర దాకా

పొద్దున్నే అత్తగారి మాత్రలు డబ్బాలో సర్దుతుంటే, ఆవిడ ఒకటి చేతిలోకి తీసుకుని కొడుకుని అడిగారు: "ఒరే, ఇది తిన్నాక వేసుకోవాలా, ముందా?" మా ఆయన బ్యాంకులో లోన్లు చూస్తారు. పేపర్లోంచి తలెత్తకుండానే "తిన్నాకే అమ్మా" అన్నారు. అది పరగడుపున వేసుకోవాల్సిన థైరాయిడ్ మాత్ర. ఆ మాట నేనంటే, "డాక్టరమ్మ చెప్పేసింది" అని నవ్వారిద్దరూ.

నేను క్యాన్సర్ నొప్పులు చూసే స్పెషలిస్టు నర్సుని. మందులు రాసే అర్హత కోసం పెట్టే పరీక్ష కూడా, వంటా వార్పూ చూసుకుంటూనే చదివి పాసయ్యాను. మా ఆసుపత్రిలో వాంతులకీ, మలబద్ధకానికీ నా అంతట నేనే రాయొచ్చు. నొప్పికిచ్చే మార్ఫిన్ మోతాదు పెంచాలంటే మాత్రం డాక్టరు సంతకం కావాలి.

ఆ రోజు తొమ్మిదింటికి వార్డులోకి వెళ్ళేసరికి, మూడో మంచం మీది టైలరమ్మ దుప్పటి అంచుని పళ్ళతో కరిచిపట్టుకుని ఉంది. ఎంత పెంచాలో నాకు తెలుసు. ఆమెని చూసే డాక్టరుగారికి ఫోన్ చేశాను. మీటింగులో ఉన్నారు. మళ్ళీ చేశాను. డ్యూటీ డాక్టరేమో, "ఆయన పేషెంటు కదా సిస్టర్, నేను వేలు పెట్టను" అంది.

టైలరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నువ్వే రాసెయ్యకూడదా తల్లీ?"

"రాయకూడదమ్మా."

"రాదా?"

"వచ్చు. రాయనివ్వరు."

ఆ నొప్పిలోనూ నవ్విందావిడ. "నేనూ అంతేలే. కుట్టేదంతా నేను, బోర్డు మీద పేరు మా ఆయనది."

ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను. నాకు డాక్టరు కుర్చీ అక్కర్లేదు. ఎదురుగా నొప్పి కనబడితే కలం తీసి రాయాలని, అది తగ్గడం కళ్ళారా చూడాలని, అంతే. దాహమన్నవాళ్ళకి మంచినీళ్ళిచ్చినంత మామూలుగా. ఏళ్ళుగా ఈ కోరిక గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. పై చదువుకి వెళ్తానన్నప్పుడు, "ఎంత చదివినా నర్సు నర్సేగా" అన్నారు మా ఆయన. ఆ మాట తప్పని చూపించాలని రోజూ ఇంట్లోంచి బయల్దేరతాను, నిజమేనేమో అనుకుంటూ తిరిగొస్తాను.

ఒకటిన్నరకి డాక్టరుగారు హడావిడిగా వచ్చారు. "ఎంత రాయమంటావ్?" చెప్పాను. అంతే రాసి, సంతకం పెట్టి వెళ్ళిపోయారు. మందు ఎక్కిన కాసేపటికి టైలరమ్మ దుప్పటి వదిలి, కళ్ళు మూసుకుంది. "డాక్టరుగారి హస్తవాసి మంచిది" అంది ఆమె కూతురు, కళ్ళు తుడుచుకుంటూ.

కేస్ షీట్ తెరిచాను. ఇలాంటప్పుడు "డాక్టరుకి తెలియజేయడమైనది" అని రాసి ఊరుకోవడం అలవాటు. ఈసారి ఇలా రాశాను: "నొప్పి గుర్తించినది తొమ్మిదింటికి. మందు అందినది ఒకటిన్నర దాటాక. ఆలస్యానికి కారణం: ఎంత మోతాదు కావాలో తెలిసిన నర్సుకి రాసే అధికారం లేదు." కింద నా పూర్తి పేరు రాసి, సంతకం పెట్టాను.

హెడ్ నర్సు చూసి కంగారుపడింది. "ఎందుకొచ్చిన గొడవ, కొట్టెయ్యవే."

"కొట్టెయ్యనక్కా. ఇక ఆలస్యమైన ప్రతిసారీ రాస్తాను."