నర్సింగమ్మ పెరడు

చిట్యాల దగ్గరి ఆ ఊళ్లో ఎండాకాలం కంటికి పచ్చగా ఏదైనా కనిపించాలంటే జంగయ్య ఇంటి వెనక్కే పోవాలి. మొరం నేల, చేదబావిలో అడుగంటిన నీళ్లు. అయినా ఆ పెరట్లో బీరతీగ గోడెక్కేది, బచ్చలి గుబురుగా అల్లుకునేది, పుంటికూర కోసినకొద్దీ చిగురేసేది. అదంతా జంగయ్య భార్య నర్సింగమ్మ చేతి పని. ఇంటిల్లిపాది స్నానాల నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, చెంబెడు కూడా వీధిలోకి పోనిచ్చేది కాదు. జంగయ్య తమ్ముడు మైసయ్యను చేసుకుని ఆ ఇంటికి వచ్చిన సైదమ్మకు ఆ పెరటితో పని కూర తెంపుకునేంతవరకే.

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. ఒక పొద్దున గ్రామసేవిక ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చి, ఆ పెరడు చూసి నిలబడిపోయింది. నర్సింగమ్మ అప్పుడు బావి దగ్గరుంది. పెరట్లో సైదమ్మ ఒక్కతే, ఒడి నిండా బీరకాయలతో.

"ఎవరు పెంచారమ్మా ఇదంతా?"

"మేమేనమ్మా."

"మేమంటే? నువ్వేనా?"

సైదమ్మ నవ్వింది. అవుననలేదు, కాదనీ అనలేదు. పేరడిగితే తన పేరు చెప్పింది.

కొన్నాళ్లకు కబురొచ్చింది. నల్లగొండలో తోటల ప్రదర్శన పెట్టారట. ఒక్కో సమితి ఒక్కో తీరు తోట వేసిందట. పెరడు బాగా పెంచిన ఆడవాళ్లను లారీలో తీసుకుపోయి చూపిస్తారట. ఈ ఊరి నుంచి సైదమ్మ.

పెరడు ఎవరిదో సైదమ్మకు తెలుసు. కబురు పూర్తిగా వినని నర్సింగమ్మ మాత్రం, ఇంటికొకరిని పిలుస్తున్నారు కాబోలు అనుకుంది.

"పో పిల్లా, నాలుగు జాగాలు సూసిరా. నేను పోతే మంచంల ఉన్న అత్తను సూసెటోళ్లెవరు?" అని, సందుగలోంచి తన ఎర్రంచు చీర తీసిచ్చింది. "గిది కట్టుకో. నాకన్న నీకే ఒప్పుతది."

అప్పుడే చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చిన మాటను సైదమ్మ మింగేసింది. చెబితే లారీ ఎక్కేది తను కాదు.

నల్లగొండ మైదానంలో అడుగుపెట్టగానే దొరికిపోతానన్న బెదురు కాసేపు మరుపుకొచ్చింది. ముందు సాగర్ తోట. రాళ్లూ సిమెంటూ పేర్చి చిన్న ఆనకట్ట కట్టారు. దాని మీంచి నీళ్లు దూకి వేలెడంత కాలువల్లో పారి, అరచేయంత మడుల్లో వరినారు తడుపుతున్నాయి. సాగర్ ఇంకా కడుతూనే ఉన్నారు. అయినా ఇక్కడ నీళ్లు అప్పుడే పొలాలకొచ్చేశాయి. దాని పక్కన అమ్రాబాద్ అడవి. వెదురు పొదల నడుమ చీకటిగా దారి చేసి, మలుపులో మట్టిపులిని కూర్చోబెట్టారు. పక్క ఊరి గుర్వమ్మ కెవ్వున అరిచి సైదమ్మ చేయి పట్టుకుంది. ఇద్దరూ కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వారు.

'నర్సింగమ్మక్క చూస్తే ఎంత నవ్వునో' అనుకుంది సైదమ్మ. అనుకోగానే నవ్వు ఆగిపోయింది.

ఆ తర్వాత గులాబీల తోటలో నడుస్తున్నా ఆమె కంటికి గులాబీలు ఆనలేదు. ఈ ఎండలో అక్క బావి గిలక లాగుతూ ఉంటుంది.

చివరిది కూరగాయల తోట. తాటాకు పందిరి కింద అధికారులు కుర్చీల్లో కూర్చున్నారు. ఒక్కో ఊరి ఆడమనిషినీ పేరుపెట్టి పిలిచారు. సైదమ్మ వంతొచ్చింది.

"బీరకు పురుగు పట్టకుండా ఏం చేశావమ్మా?" అడిగాడు పెద్ద అధికారి.

సైదమ్మకు జవాబు తెలుసు. రోజూ చూసిందే.

"బూడిద సల్లిన సారు."

"ఎప్పుడు?"

"పొద్దుగాలనే. ఆకు తడి మీదున్నప్పుడు."

"మరి నీళ్లు?"

"తానాల నీళ్లు మలుపుకున్న."

చల్లింది అక్క, మలుపుకున్నది అక్క. ప్రతి మాటా 'నేను' అన్నట్టే పలికింది. అందరూ చప్పట్లు కొట్టారు. మెడలో బంతిపూల దండ వేసి, పందిరి ముందు నిలబెట్టి ఫోటో తీశారు. సమితి ఆఫీసులో పెడతామన్నారు. "నవ్వమ్మా" అన్నాడు ఫోటో తీసేవాడు. ఆమె నవ్వింది.

చెట్టు నీడన అందరూ సద్దులు విప్పారు. సైదమ్మ జొన్నరొట్టె తుంచి మళ్లీ మూటలోనే పెట్టింది.

"ఏమైందే, ఎండ కొట్టిందా?" అడిగింది గుర్వమ్మ.

సైదమ్మ లేచి, లారీ దగ్గరున్న గ్రామసేవిక దగ్గరికి పోయింది.

"అమ్మా, గా పెరడు నాది కాదు. మా యారాలిది. అంత ఆమెనే చేసింది."

గ్రామసేవిక ఒక్క క్షణం చూసి, తేలిగ్గా నవ్వేసింది. "ఒకే ఇంటివాళ్లు కదమ్మా, ఎవరైతే ఏం? ఫోటో కూడా అయిపోయింది. ఎక్కు, ఎక్కు, పొద్దుపోతోంది."

అంత సులువుగా వదిలేస్తే తన బరువు ఎక్కడ దించుకోవాలో సైదమ్మకు తెలియలేదు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరింది. నర్సింగమ్మ కాళ్లకు నీళ్లిచ్చి, అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"చెప్పే, ఎట్లున్నయి తోటలు?"

సైదమ్మ ఆనకట్ట సంగతి చెప్పింది, పులి సంగతి చెప్పింది. గుర్వమ్మలా అరిచి చూపేసరికి నర్సింగమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

"కూరగాయల తోట గిట్ల లేదా మరి?"

"ఉన్నదక్కా," అంది సైదమ్మ. కంచం పక్కకు జరిపి, తల దించుకుని, ఒడిలో బీరకాయలున్న ఆ పొద్దుటి నుంచి ఫోటోదాకా అంతా చెప్పేసింది.

నర్సింగమ్మ దీపం వత్తి ఎగదోసింది. తర్వాత అడిగింది, "పురుగు సంగతి అడిగిన్రా?"

"అడిగిన్రు."

"ఏమన్నవ్?"

"బూడిద సల్లిన అన్న."

"సల్లిన అన్నవా."

"తప్పైందక్కా."

"నువ్వు అడిగితె నేనే పో అందునే. పో అననే అన్న గద," అంది నర్సింగమ్మ, కంచం తీస్తూ. "కని నాకు గూడ సూడాలనే ఉండె."

తిట్టినా బాగుండేది. మర్నాటి నుంచి నర్సింగమ్మ పని మాటలే మాట్లాడింది: ఉప్పు అయిపోయింది, అత్తకు గంజి తాపు. అక్కను బస్సులో నల్లగొండ తోలుకుపొమ్మని సైదమ్మ మైసయ్యను ఒప్పించింది. "పిలవని కాడికి నేనెందుకు?" అని నర్సింగమ్మ కదల్లేదు.

సైదమ్మ ఎండలో చిట్యాలకు నడిచిపోయి గ్రామసేవిక ఇంటి ముందు కూర్చుంది. రానంటే కదలనంది. విసుక్కుంటూనే ఆమె ఊరికి వచ్చి, పెరట్లో నిలబడి, "నర్సింగమ్మగారూ, తోటలు తీసేయకముందే మీరు రావాలి" అని పేరుపెట్టి పిలిచింది. నర్సింగమ్మ చేతులు కడుక్కుని, సైదమ్మ వైపు చూడకుండా ఇంట్లోకి పోయి చీర మార్చుకుంది.

ఆ రోజంతా సైదమ్మ నీళ్లు చేదింది, అత్తను కనిపెట్టుకుంది, మొక్కలు తడిపింది. సాయంత్రానికి చేతులు బొబ్బలెక్కాయి.

నర్సింగమ్మ తిరిగొచ్చి అరుగు మీద కూలబడింది. సైదమ్మ మంచినీళ్లిచ్చి పక్కన నిలబడింది.

"సగం ఎండబెట్టిన్రు," అంది నర్సింగమ్మ. "కాకరకు నీళ్లు పొయ్యనే లేదు పాపం. గులాబీలు మటుకు, అబ్బ." నీళ్లు తాగి చెంబు దించి, "వచ్చెటప్పుడు నీ ఫోటువ సూసిన. కడిగి ఆఫీసుల పెట్టిన్రు. పేరు మారుస్తమన్నరు. పోనీ, ఉండనియ్యిన్రి అన్న."

ఆ మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. వానాకాలం వచ్చేసరికి ఇద్దరూ కలిసే పాదులు తవ్వారు, మాటలూ మునుపట్లా కలిశాయి. కానీ ఏ పని మీద చిట్యాల పోయినా సైదమ్మ సమితి ఆఫీసు ఉన్న వీధి తప్పించి, చుట్టుదారినే నడిచేది.