ఎర్రపూసల రోజులు

పొద్దున పొయ్యి అంటించకముందు నేను చేసే మొదటి పని పూస జరపడం. పందొమ్మిది వందల యాభై ఐదులో దవాఖాన నర్సు ఇచ్చిన దండ అది. ముట్టయిన రోజు నుంచి రోజుకొక పూసను దారం మీద అవతలికి తోయాలి. ఆకుపచ్చ పూస వస్తే కడుపు వస్తుందన్న భయం లేదు. ఎర్రది వస్తే మగనికి దూరంగా ఉండాలి. తడిమినా తెలిసేలా ఎర్రవి పలకలుగా, ఆకుపచ్చవి గుండ్రంగా ఉంటాయి.

"పూసల్నడిగి పండాల్నా నేను?" అన్నాడు మా ఆయన పెంటప్ప. కానీ ఆయన మొదటి భార్య చంద్రభాగ కాన్పులో, మేం పడుకునే ఈ గదిలోనే పోయింది. నాలుగో కాన్పుకు నేనూ దక్కనని దవాఖానలో చెప్పారు. గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

అంతకుముందు ఆయన దగ్గరికి వస్తే పళ్ళు బిగించి, మళ్ళీ నెల తప్పుతుందా అని లెక్కపెడుతూ పడి ఉండేదాన్ని. ముగ్గురు పిల్లల తల్లినయ్యాక, ఆ ఆకుపచ్చ రోజుల్లో, మొదటిసారి నాకూ కావాలనిపించింది. ఆ మాట ఎవరికి చెప్పుకోను?

రెండో నెలలో ఎర్రపూసలు అయిపోవడం మానేశాయి. నిన్న తోసిన పూస ఇవాళ మళ్ళీ ఇవతలే ఉండేది. నా మతిమరుపే అనుకుని గోడ మీద బొగ్గుతో ఎర్రరోజుకొక గీత పెట్టాను. ఎర్రపూసలు తొమ్మిదే. నా గీతలు పదమూడు. "ఇంకెన్ని దినాలే ఈ ఎర్రయి?" అని విసుక్కునే మనిషి వాటిని వెనక్కి తోయడు. దండ తగిలించిన మేకు పిల్లలకు అందదు. మా అత్త ఎల్లమ్మకు కళ్ళు కనపడవు.

"ఆ మేకు చంద్రభాగ కొట్టిందే," అంది అత్తమ్మ, మగ్గానికి నూలు కండెలు చుడుతూ. "దాని చీర ఆడ్నే ఏలాడేది."

ఆ తర్వాత ఒంటరిగా ఆ గదిలోకి పోవాలంటే ఒళ్ళు జలదరించేది. మా భవాని పేట్ వాడలో మగ్గాలన్నీ అన్నాల వేళకు ఆగితే, లోపల ఎవరో ఊపిరి తీస్తున్నట్టుండేది. గాలి లేకున్నా దండ ఊగేది. ఒకసారి ముట్టుకుంటే పూసలు వెచ్చగా తగిలాయి, ఎవరో అప్పుడే చేతిలోంచి వదిలినట్టు.

ఒక మధ్యాహ్నం నీళ్ళకు పోయి, నల్లా రాక, ఉత్త బిందెతో తిరిగి వచ్చాను. గదిలో జుట్టు విరబోసుకుని ఒకామె గోడ వైపు నిలబడి ఉంది. బిందె చంకలోనే పెట్టుకుని గడప దగ్గర ఆగాను.

"బస్, చంద్రభాగా. ఇంక కొన్ని దినాలు. నీ తీరుగ దీన్ని గూడ పోనియ్యను," అంటోంది. గొంతు విన్నాక తెలిసింది.

"అత్తమ్మా."

ఆమె ఉలిక్కిపడలేదు. వేళ్ళు పూస మీదే ఉన్నాయి. "మొగని దగ్గరికి పోనని, వద్దు వద్దని ఏడ్సింది పిల్లా అది. నేనే లోపలికి పంపి, బయటినుంచి గొళ్ళెం పెట్టిన. తొమ్మిదిమందిని కన్న, నాకేమైంది అనుకున్న. నిన్నన్న కాపాడుకోనీ. అన్నీ ఎర్రయే ఉండనీ."

చేయి పట్టుకుని కూర్చోబెట్టాను. నా మేలు కోరే చేసింది. కానీ ఆయన అడగనట్టే, ఆమె కూడా నన్ను అడగలేదు. ఎన్నాళ్ళుగానో దాచిన మాట ఆ గదిలోనే చెప్పేశాను.

"ఎర్ర దినాలు నాకు కావాలె అత్తమ్మా. ఆకుపచ్చయి గూడ కావాలె. ఆయన కోసం కాదు. నాకోసం."

ఆమె చూపులేని కళ్ళు నా వైపు తిప్పి, గొంతు తగ్గించి అడిగింది.

"అది... మంచిగుంటదా పిల్లా?"