ఊడ్చిన చదరాలు

జనగామ బజారులో కిరాణా దుకాణం నడిపే ఇంట పుట్టిన రామచంద్రం ఎండుటాకులు తూకం వేసే ఉద్యోగంలో చేరాడు. "గింత సదివి చెత్త జోకుతున్నవా తమ్మీ?" అని వాళ్లన్న రాజమౌళి పండుగ పండుగకూ ఎత్తిపొడిచేవాడు. అనేవాళ్లకేం, నోటికి తాళమా తలుపా!

ఆకాశంలో తిరిగే ఉపగ్రహం పదహారు రోజులకోసారి మహదేవపూర్ అడవి మీదుగా పోతూ చిత్రం తీస్తుంది. అందులో కనిపించే పచ్చదనాన్ని కింద రాలిన ఆకు తూకంతో జతచేసి చూస్తే, అడవి గాలిలోంచి ఎంత కర్బనం పీల్చుకుంటుందో, ఎంత వదులుతుందో అంచనా కట్టవచ్చు. అందుకని రామచంద్రం టేకు చెట్ల కింద తాళ్లు కట్టి నాలుగు చదరాలు చేశాడు. నెలకోసారి వచ్చి, వాటిలో రాలిన ఆకంతా ఏరి, ఎండబెట్టి, జోకి రాసుకునేవాడు. పశువులు తొక్కకుండా పక్క తండాలోని నీలిని కాపలా పెట్టాడు. పని అప్పజెప్తే ప్రాణం పెట్టే మనిషి. పదకొండు నెలలు ఒక్క మేకను కూడా తాడు దాటనివ్వలేదు.

పన్నెండో నెల, ఎనభై ఆరు మార్చి. ఏడాదిలో రాలే ఆకులో సగానికి పైగా ఈ రోజుల్లోనే రాలుతుంది. ఇది తప్పితే ఏడాది పని బూడిదలో పోసిన పన్నీరే. రామచంద్రం గోనెసంచులు పట్టుకుని వచ్చేసరికి నాలుగు చదరాలూ అద్దంలా ఉన్నాయి. ఆకు లేదు సరికదా, పేడతో అలికి, మధ్యలో ముగ్గు కూడా వేసి ఉంది.

"గిదేంది నీలక్కా? ఆకేది?"

"ఊడ్చి, కుప్పవోసి అంటువెట్టిన సారూ. మంగళారం పైకెల్లి మిషిను ఫోటో తీస్తదని మీరే చెప్తిరి. పెండ్లి ఫోటోలు తీసేటోడొస్తెనే వాకిలి అలుకుతం. ఆకాశంకెల్లి చూసేటోళ్లకు చెత్త సూపెడ్తమా? నామోషి గాదా?"

మెచ్చుకుంటాడని చూస్తున్న ఆ ముఖం మీద కోపం చూపడానికి రామచంద్రానికి మనసు రాలేదు. కూలబడి, ఆకెందుకు కావాలో మొదటిసారి విడమరిచి చెప్పాడు. నీలి ముఖం పాలిపోయింది.

"గీ ముచ్చట ముందుగాల చెప్తె చీపురే ముట్టకపోదును గద సారూ."

"ఎన్ని గంపలెత్తినవ్ అక్కా? గంప బరువు నాకు తెల్సు."

"లెక్కవెట్టలె."

"ఇరవై అని రాస్త. ఎవలన్న అడిగితె ఇరవై అను. నా నౌకరి వోదు, నీ పని వోదు."

"పది గావచ్చు, ముప్పై గావచ్చు. ఎరుకలేనిది ఎట్లంటా?"

"ఎవలికి తెల్వది."

"నాకు తెల్సు గద సారూ."

రామచంద్రానికి సిగ్గేసింది. పుస్తకంలో తూకం గడి ఖాళీగా వదిలి, పక్కన ఇలా రాశాడు: "ఆకు ఊడ్చి కాల్చడం జరిగింది. ఎందుకు ఊడ్వకూడదో కాపలామనిషికి నేను చెప్పలేదు. తప్పు నాది." రాసింది ఆమెకు చదివి వినిపించాడు.

నీలి కాసేపు ఆ గీతల వంక చూసింది. "గిండ్ల నా పేరేది?"

"రాయలేదక్కా. రాస్తె నిన్ను తీసేస్తరు."

"తీసేస్తె తియ్యనీ. ఊడ్చింది నేను. పదకొండు నెల్లు ఎండల వానల కాసింది గూడ నేనే. పేరు లేకుంటె నేనున్ననని ఎట్ల తెలుస్తది?"

రామచంద్రం ఆ వాక్యం కింద నీలి పేరు రాశాడు. తర్వాత పేజీలు వెనక్కి తిప్పి, పదకొండు నెలల తూకాల పక్కనా ఒక్కొక్కటిగా ఆ పేరే రాసుకుంటూ పోయాడు.