లేబులు తడవకుండా

సీసా లోపల మూడుసార్లు కడిగాను. పైనున్న లేబులు మాత్రం తడవకుండా జాగ్రత్తపడ్డాను. నాకు కావలసింది ఆ లేబులే.

ముషీరాబాద్ నుంచి సైకిలు మీద వచ్చి పాత పేపర్లు, సీసాలు కొనుక్కుపోయే బిక్షపతి దగ్గర అడిగి తీసుకున్నాను దాన్ని. "అందరు ఖాళీ సీసాలు నాకు అమ్ముతరమ్మా, కొనేటోళ్ళను మిమ్ములనే చూసిన" అని నవ్వాడు. నేనూ నవ్వాను, పక్క క్వార్టరులో వాళ్ళు వినలేదు కదా అని అటు చూస్తూ.

అది ఇన్‌స్టంట్ కాఫీ సీసా. ఆ ఏడాది ఏ వారపత్రిక తెరిచినా అదే ప్రకటన. చేతుల్లేని జాకెట్టు తొడుక్కున్న ఆవిడ కప్పు అందిస్తూ ఉంటుంది, ఆఫీసుకి బయల్దేరిన మొగుడు ఆమెను చూసి నవ్వుతూ ఉంటాడు. కింద, "ఆయన చిరునవ్వు మీ చేతిలోనే ఉంది" అని రాసి ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా హిందూపురం నుంచి గింజలు తెప్పించి, వేయించి, చేతిమరలో ఆడించి, ఇత్తడి ఫిల్టర్లో దించిన నా కాఫీ తాగుతూ మా ఆయన పేపరు వైపే చూశారు తప్ప నావైపు చూసి నవ్వింది లేదు. యూనివర్సిటీలో రీడరయ్యాక ఆ ఫిల్టరే ఆయనకి నామర్దా అయిపోయింది. "ఏమే, ఇంకా ఆ మర తిప్పుకుంటూ కూర్చుంటావా? ప్రొఫెసరుగారింట్లో ఒక చెంచా పొడి, వేడిపాలు, అంతే. నువ్వెప్పుడు మారతావు?" అనేవారు. అదేదో కొనిపెట్టండి అంటే, ఇచ్చినదాంట్లో సర్దుకోవడం తెలివైన ఆడదాని లక్షణం అనేవారు. నిజం చెప్పాలంటే నాకు ఆ మర తిప్పడం ఇష్టం. తెల్లవారుజామున ఇల్లంతా ఆ వాసన లేచే కాసేపు నేను ఎవరికీ ఏమీ కాను. ఆ ఇష్టాన్ని కూడా మోటుతనంలా దాచుకోవడం మొదలుపెట్టాను.

అందుకని సీసాలో నా పొడే పోసి, హాల్లో అద్దాల బీరువాలో పెట్టాను. సంగతంతా తెలిసే, "ఇప్పుడు ఇల్లు ఇల్లులా ఉంది" అన్నారు మా ఆయన. ఎవరొచ్చినా కాఫీ వంటింట్లోనే కలిపి తెస్తాను కదా, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను.

ఆ ఆదివారం సాయంత్రం తార్నాక నుంచి ప్రొఫెసర్ సోమయాజులుగారు, ఆయన భార్య కమలాదేవిగారు వచ్చారు. నేను లేవబోతుంటే ఆవిడ బీరువా వైపు చూసి, "మీరూ ఇదే వాడతారా అండీ! అయితే వంటింట్లోకి పరుగెందుకు? పాలూ కప్పులూ ఇక్కడికే తెచ్చెయ్యండి, నేను కలుపుతాగా" అని సీసా చేతిలోకి తీసుకుంది. పాలు తెచ్చాను. ఆవిడ పొడి వేసి తిప్పింది. ఇంకా తిప్పింది. కరగలేదు. పాల మీద నల్లగా నలకలు తేలాయి. ఒక గుక్క తాగిన సోమయాజులుగారి మీసానికి అంటుకున్నాయి.

అందరూ నావైపు చూశారు. వెనక దొడ్లో సమ్మక్క అంట్లు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మా పనిమనిషి... సీసాలోది తీసేసుకుని, మామూలు పొడి పోసినట్టుందండీ" అన్నాను.

దొడ్లో చప్పుడు ఆగిపోయింది.

"మా ఇంట్లోనూ ఆ సమ్మక్కే కదండీ పనిచేసేది!" అంది కమలాదేవిగారు. "రేపట్నుంచి రావద్దని చెప్పేస్తాను."

వాళ్ళు వెళ్ళాక మా ఆయన కుర్చీలో వెనక్కి వాలి, నావైపు చూసి నవ్వారు. "ఫర్వాలేదే, సమయానికి బుర్ర భలే పనిచేసింది నీకు!" అచ్చం పత్రికలోని మొగుడి నవ్వే. ఇన్నేళ్ళకి నాకు దొరికింది. ఆ నవ్వు కింద నిలబడలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను. అంట్లు సగం తోమి ఉన్నాయి. సమ్మక్క లేదు.

పొద్దున్నే వచ్చింది. లోపలికి రాలేదు. దొడ్డి గుమ్మం దగ్గరే నిలబడి, "అమ్మా, నేను గా సీసా ముట్టలే. కమలమ్మ ఇంటికి పోతే గేటు తియ్యలే. దొంగదాన్నంట. మీరే పోసి మరిసిన్రేమో, జర యాది చేస్కోండ్రి" అంది.

తప్పించుకోవడానికి తనే నాకు దారి చూపిస్తోంది. "అవును సమ్మక్కా, మరిచిపోయాను" అంటే చాలు. అందరి పరువూ నిలబడుతుంది, ఆ సీసా పరువుతో సహా.

"మరవలేదు" అన్నాను. "ఖాళీ సీసా కొని నేనే పోశాను. నీ మీద అబద్ధం చెప్పాను."

"ఉత్త సీసా కోసమా అమ్మా?" అంది. తిట్టినా బాగుండేది.

"కూర్చో, కాఫీ ఇస్తాను."

"కాఫీ వద్దు. ముందుగాల నా పని సంగతి చూడుండ్రి."

సీసాలోని పొడి నా పాత డబ్బాలోకి వంపేశాను. వాసన గుప్పుమంది. నిన్నటి నుంచి మొదటిసారి గుండెల నిండా ఊపిరి తీసుకున్నాను. ఖాళీ సీసా పట్టుకుని చెప్పులు వేసుకుంటుంటే మా ఆయన పేపరు దించారు.

"ఎక్కడికి?"

"కమలాదేవిగారికి నిజం చెప్పడానికి."

"పిచ్చెక్కిందా? నేను డిపార్టుమెంటులో తల ఎక్కడ పెట్టుకోవాలి? అయినా నా కాఫీ ఏది?"

"గింజలు వేయించి ఉన్నాయి. మర బల్ల మీదే ఉంది" అన్నాను.

తార్నాక దాకా సమ్మక్క పది అడుగులు వెనకే నడిచింది. గేటు దగ్గర ఆగి, ఆమె వచ్చేదాకా నిలబడ్డాను.

"మీకు నామోషీ గాదా అమ్మా?" అంది మెల్లగా.

"అవుతుంది సమ్మక్కా. నిన్న నీ నెత్తిన పెట్టాను. ఇవాళ నేనే మోసుకుంటాను" అని గేటు తీశాను.