వేరుకుండ

ముందుగా ఒక మనవి. నా కథను కాగితం మీద పెడుతున్న చేయి అరవై దాటాక అక్షరాలు దిద్దింది. ఒత్తులు జారిపోతే, దీర్ఘాలు ఎగిరిపోతే సర్దుకుని చదవండి. ఒక్కో పేరాకు ఒక్కో పగలు పట్టింది. మధ్యలో లేచి పొయ్యి చూసుకోవాలి, కాలికి కట్టు మార్చుకోవాలి. చేయి ఆమెది, మాట నాది.

నేను ఒక సత్తు గిన్నెను. రాజమండ్రిలో రేకు నొక్కే మిషను కింద పుట్టాను. నన్ను కొన్నది రామచంద్రపురం వంట మేస్త్రి సూరన్న. పెళ్లిళ్లకూ దినకార్యాలకూ వండేవాడు. ఆయన సామానంతా మనిషి దిగి స్నానం చేయగలిగేంత గుండిగలు. వాటి మధ్య నా ఉద్యోగం ఉప్పు పోయడం. ఉప్పు నన్ను మచ్చలు మచ్చలుగా కొరికింది. కూర కుదిరిందని జనం మెచ్చుకుంటే ఆ మెప్పు గుండిగకు వెళ్లేది. మనుషుల్లోనూ ఇంతేనని తర్వాత తెలిసింది.

సూరన్న పోయాక పని కొడుకు త్రిమూర్తులు చేతికొచ్చింది. ఉప్పుకు ప్లాస్టిక్ మగ్గులు వచ్చాయి, నన్ను సామాన్ల గదిలో మూలకు తోశారు. అక్కడి నుంచి తీసి పీచుతో తోమింది సూరన్న భార్య నూకరత్నం. అప్పటికి ఆమెకు షుగరు వచ్చి ఆరేళ్లు. ఎడమకాలి బొటనవేలికి పుండు లేచి ఎండకుండా ఉంది. ఆసుపత్రిలో డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, తిండి మార్చకపోతే ముందు వేలు, తర్వాత పాదం తీసేయాల్సి వస్తుందంది. తెల్లన్నం తగ్గించి కొర్రలు తినమంది, తీపి ముట్టొద్దంది.

చెప్పడం తేలిక. అది వంట మాస్టారి ఇల్లు. ముహూర్తాల నెలల్లో ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. పెళ్లి దగ్గర మిగిలినవన్నీ వ్యానులో వస్తాయి. పులిహోర, పూర్ణం బూరెలు, నెయ్యి కారే చక్కెర పొంగలి. పొద్దున అవే, సాయంత్రం అవే. వద్దంటే త్రిమూర్తులు మొహం మాడ్చుకునేవాడు. ఊరంతా లొట్టలేసుకుని తిన్నదాన్ని కన్నతల్లి పక్కకు నెడితే అతని చేతికి అవమానమట. కోడలు గంగాభవాని చెడ్డది కాదు. బూరెకు చిల్లు పెట్టి, నెయ్యి పోసి మరీ అందించేది. ఒక్కదానికి ఏమవుతుందనేది. ఆ ఒక్కటి రోజూ వచ్చేది.

అందుకని నూకరత్నం నాలో కొర్రలు నానబెట్టి, పెరట్లో చిన్న పొయ్యి మీద ఉడికించుకోవడం మొదలుపెట్టింది. ఉప్పు గిన్నెనల్లా వంట గిన్నెనయ్యాను. కాస్త గర్వపడ్డాను కూడా. అది ఎంతోకాలం నిలవలేదు.

మా వైపు ఒక ఇంట్లో రెండో కుండ పొయ్యెక్కిందంటే ఇల్లు చీలినట్టే. అన్నదమ్ములు విడిపోయినప్పుడు ముందు వేరయ్యేది కుండే, గోడ తర్వాత లేస్తుంది. పక్కింటివాళ్లు మా పెరట్లో పొగ చూశారు. మాస్టారి తల్లి వేరుకుండ పెట్టుకుందనీ, కోడలు అన్నం పెట్టడం లేదనీ వీధిలో అనుకున్నారు. ఇంకొకరు ఇంకొంచెం ముందుకెళ్లి, కొడుకు వంటలో ఏం కలుపుతాడో తల్లికి తెలుసు కాబట్టే తినదన్నారు. ఒక పెళ్లివారు మాట ఇచ్చి కూడా వేరే మాస్టారిని పెట్టుకున్నారు.

ఆ రోజు త్రిమూర్తులు పెరట్లోకి వచ్చి నన్ను పొయ్యి మీంచి దించేశాడు.

“పదూళ్ల జనానికి వండి పెడతన్నానమ్మా. నా ఇంట్లోనే నువ్వు వేరుకుండ పెడితే నేను తలెత్తుకుని ఎలా తిరగాలి?”

“కుండ వేరైతే మనిషి వేరైపోద్దేంట్రా? కాలు పోద్దంటన్నారు.”

“అందరికీ ఉన్న జబ్బే. మాత్ర ఏసుకో, మాతో తిను.”

ఉడికీ ఉడకని కొర్రలు కోళ్లకు పోయాయి. నేను అటకెక్కాను.

అటక మీంచి వంటిల్లంతా కనబడుతుంది. ఆమె తినేది, కట్టు విప్పి వేలు చూసుకునేది, కూర్చునేది, లేచేది, గుమ్మందాకా నడిచి వెనక్కి వచ్చేది. ఇంతలో గంగాభవాని ఒక ఉపాయం చెప్పింది. విందు భోజనం వచ్చే రోజున ముందే రెండు మాత్రలు వేసుకుంటే తీపికీ మాత్రకీ చెల్లు. వీధిలో చాలామంది అదే చేస్తారట. గొడవెందుకని నూకరత్నం వేసుకునేది.

మాఘమాసంలో ఒక పెళ్లి నుంచి మధ్యాహ్నానికి రావలసిన వ్యాను టైరు పేలి దారిలో ఆగిపోయింది. రెండు మాత్రలు లోపలికి వెళ్లాయి, తిండి రాలేదు. ముందు ఆమె చేతులు వణికాయి. తర్వాత చెమటకు రవిక తడిసింది. మాట ముద్దగా వచ్చి, గోడకు జారగిలబడిపోయింది. షుగరు పెరిగిపోయిందనుకుంది గంగాభవాని. ఒక చేత్తో కాకరకాయలు దంచుతూ ఇంకో చేత్తో ఆసుపత్రికి ఫోను చేసింది. అవతల నర్సు చెప్పింది విని ఆమె చేయి ఆగిపోయింది.

“పంచదార నీళ్లా? షుగరు మనిషికి పంచదారేంటండీ, చచ్చిపోద్ది కదా?”

నర్సు కేకలేసింది. ఆరేళ్లుగా వద్దన్నా తీపి పెట్టిన ఇల్లు, కావలసిన ఆ ఒక్క పూట చెంచాడు పంచదార పట్టుకుని వణికింది. చివరికి గంగాభవాని ఏడుస్తూనే గ్లాసులో కలిపి, గుటక గుటకగా పట్టించింది. కాసేపటికి నూకరత్నం తేరుకుని, మనవాళ్లు తిన్నారా అని అడిగింది.

నడవగలిగిన రోజున తనే స్టూలు వేసుకుని నన్ను దించుకుంది. ఇంట్లో వేరుకుండ తప్పయితే ఇల్లే వేరు చేసుకుంటానంది. త్రిమూర్తులు వెళ్లమనలేదు, ఉండమనలేదు. పాత మిల్లు వీధిలో ఒక గది, ఒక పొయ్యి, నేను. కొర్రలు, తోటకూర, పల్చని మజ్జిగ. పుండు అంచుల నుంచి ఎండుతోంది. అయినా ఆమెకు కుదురు లేదు. నన్ను పొయ్యి మీద పెట్టి వీధిలోకి చూస్తుంది. వాడు వేళకు తింటున్నాడో లేదో అంటుంది. వందలమందికి వండేవాడి ఆకలి గురించి బెంగపడేది తల్లి ఒక్కతే.

మొన్న గంగాభవాని వచ్చింది. సంచిలో బెండకాయలు తెచ్చింది. చాలాసేపు ఎండల గురించి మాట్లాడింది. ఆ తర్వాత నా మూత తీసి చూసి, దీనికి నీళ్లెన్ని పోస్తారని అడిగింది.

“ఎందుకే?”

“మీ అబ్బాయికీ వచ్చిందండి అత్తయ్యగారూ. టెస్టులో తేలింది. ఎవరికీ చెప్పొద్దన్నారు. మాస్టారే తినలేని వంట మనకెందుకంటారు కదా జనం.”

నూకరత్నం దెప్పుతుందేమోనని ఎదురు చూశాను. ఆమె లేచి, సాయంత్రానికని నానబెట్టి ఉంచిన కొర్రలు కూడా తెచ్చి నాలోనే పోసింది, ఇంకో గ్లాసు నీళ్లు వంచింది. నేను ఒక మనిషి తిండికి సరిపోయే గిన్నెను. ఉడుకు పట్టగానే మూత తోసుకుని పొంగి, పొయ్యి చుట్టూ కారాను.

ఆమె మంట తగ్గించి, మూత ఓరగా పెట్టి, కోడలి వైపు చూడకుండానే అడిగింది.

“క్యారేజీ తెచ్చావా?”

పెంకే నూకరత్నం,
వయసు అరవై నాలుగు.
ప్రస్తుతం ఉండేది పాత మిల్లు వీధిలో అద్దె గది, రామచంద్రపురం.