బొట్టు ఆరేలోగా

టిక్.

కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ టిక్. పెంకును లోపలినుంచి ఎవరో గోటితో మీటుతున్నట్టు, చీకటిలో ఇక్కడొకటి, అక్కడొకటి. చూడటానికి ఏమీ లేదు. వినటానికి మాత్రం మూడు వందల అరవై గుడ్లున్నాయి. తలుపు బయట సూర్రెడ్డిగారు సంబరంగా కేక వేశారు. ఆయన వెనకనుంచి ఒక ఆడగొంతు మెల్లగా అంది: "అప్పుడేనాండీ? ఇంకా రెండ్రోజులుంది గదండీ."

ఆ రెండు రోజుల తొందరకు కారణం నేనే. కాదు, నా నుదుటి తడి.

నేను ఒక థర్మామీటరును. జానెడు గాజు గొట్టం, అడుగున చింతగింజంత పాదరసపు బుడ్డి, ఒంటినిండా సన్నని నల్లగీతలు. ఎక్కడో ఉత్తరదేశంలో, కొలిమి సెగకు కనుబొమలు కాలిన ఒక ముసలి పనివాడు నన్ను ఊది, సాగదీసి, వేడినీళ్ళలో ముంచి గీతలు దిద్దాడు. ఆఖరున ఒకసారి వెలుతురుకెత్తి చూశాడు. అబద్ధమాడకు సుమా అన్నట్టుంది ఆ చూపు. దూదిలో ఒదిగి, కర్రడబ్బాలో నిద్రపోయి, గోదావరి ఒడ్డున కళ్ళు తెరిచాను.

నన్ను బిగించిన యంత్రాన్ని పుస్తకాలు పొదుగుయంత్రమంటాయి. ఊరివాళ్ళు మాత్రం దాన్ని చూసీచూడగానే బీరువా అన్నారు. నిలువెత్తు చెక్కపెట్టె, లోపల నాలుగు అరలు, వేడికి తీగచుట్టలు, గాలికి చిన్న పంకా, తలుపుకు అరచేతంత అద్దం. ఆ అద్దంలోంచి కనిపించేటట్టు, రెండో అరలోని గుడ్ల ఎత్తున నన్ను వేలాడదీశారు. నా పని ఒక్కటే. పాదరసం తొంభైతొమ్మిదిన్నర డిగ్రీల దగ్గర నిలిచి ఉన్నదా లేదా చెప్పటం. అంతకు మించితే పిల్లలు తొందరపడతాయి. తగ్గితే లోపలే నిద్రపోతాయి. కోడి కడుపుకింద ఎవరూ కొలవని ఆ వెచ్చదనాన్ని ఇక్కడ కొలిచితీరాలి.

యంత్రం యజమాని సూర్రెడ్డిగారు నియమం గల మనిషి. రోజూ పొద్దున్నే స్నానం చేసి, పసుపు నూరి, కుంకుమ కలిపి వచ్చేవారు. తళతళలాడే నా బుడ్డినే నా ముఖమనుకున్నారు కాబోలు, దానిమీద నిండుగా తడిబొట్టు పెట్టి, తలుపు మూసి, దణ్ణం పెట్టి, అద్దంలోంచి నన్ను చూసేవారు. "అబ్బే, తగ్గిందే," అనిపించినప్పుడల్లా వేడి పెంచే మరను ఒక పిసరు తిప్పి, పాదరసాన్ని తొంభైతొమ్మిదిన్నరకు తెచ్చేవారు. ఆ తర్వాత మర్నాటి బొట్టు దాకా నావైపు చూసేవారు కారు. దేవుణ్ణీ అంకెనూ ఒకేసారి దర్శించుకున్న తృప్తి ఆయనది. మనుషుల భక్తిని నేను తప్పుపట్టను. కాని తడి ఆరేటప్పుడు వేడిని తాగుతుందని వారికి చెప్పే నోరు నాకు లేదు.

గుడ్లు తిప్పటానికి, తొట్టిలో నీళ్ళు పొయ్యటానికి ఒకామెను పెట్టుకున్నారు. ఊళ్ళో ఎవరింట కోడిని పొదగేసినా ఆమెచేతే గుడ్లు పెట్టించేవారట. చెయ్యి మంచిదని పేరు. చదువు లేదు. నా గీతలు ఆమెకు వట్టి చీమలబారు. కాని మధ్యాహ్నం గుడ్లు తిప్పేటప్పుడు ఒకటి తీసి, కన్ను మూసి, రెప్పకు ఆనించి చూసుకొనేది. ఆ రెప్పముందు నేనెంత?

తొందరపడి వచ్చిన ఆ మొదటి పిల్లల సంగతి చెప్పాలంటే ఇప్పటికీ నా పాదరసం కుంగుతుంది. బొడ్డు మానలేదు. కాళ్ళు నిలవలేదు. రెండు రోజులకు సగానికి సగం పోయాయి. గుడ్లు తెచ్చే సోమయ్య గుమ్మంలో నిలబడి, "అది చెయ్యా, నిప్పుల కుంపటా?" అని నవ్వాడు. ఆ నవ్వు వీధి చివరిదాకా వెళ్ళింది. మర్నాటినుంచి ఊళ్ళో కోడిని పొదగెయ్యటానికి ఆమెను ఎవరూ పిలవలేదు.

సూర్రెడ్డిగారు నవ్వలేదు. కొత్త గుడ్లు అరల్లో సర్దించి, గదిలో అందరూ వినేటట్టు అన్నారు: "పొద్దున్నే ఈ గుడ్ల ముందు దీని పేరెత్తకండి, అచ్చిరాదు. ఈసారీ ఇలాగే అయితే, ఏమ్మాయ్, నువ్వు మళ్ళీ పొలంలో కలుపు తియ్యటానికే."

అలా ఆమె పేరు ఆ గదినుంచి వెళ్ళిపోయింది. అందరికీ ఆమె "బీరువా మనిషి" అయింది. ఆమె మాత్రం గుడ్లు తిప్పుతూనే ఉంది, రెప్పకు ఆనించుకుంటూనే ఉంది.

కొత్త గుడ్లు పెట్టిన ఏడోనాడు పొద్దున్న ఆయన దణ్ణం పెడుతుంటే వెనక నిలబడి, ఆయన భుజంమీదుగా నన్ను చూసింది. చీమలబారులో పాదరసం ఎక్కడ ఆగిందో కన్నుతో పట్టుకుంది. ఆయన వెళ్ళాక తలుపు తీసి, కొంగు అంచునుంచి ఎర్రదారం లాగి, సరిగ్గా ఆ తొంభైతొమ్మిదిన్నర గీతమీద నా ఒంటికి ముడివేసింది. ఎన్నో చేతులు నన్ను ముట్టుకున్నాయి. నన్ను నమ్మకుండా ముట్టుకున్న మొదటి చెయ్యి అది. ఎందుకో దాని మీదనే నాకు గౌరవం కలిగింది.

మధ్యాహ్నం ఆయన్ను పిలిచింది. "ఇదిగోండి అయ్యగారూ, పొద్దున్న తమరు చూసినప్పుడు దారం కాడుందండి. ఇప్పుడు చూడండి."

పాదరసం దారానికి రెండు డిగ్రీలు పైన ఉంది.

"ఎండెక్కింది గదా," అన్నారాయన.

"ఎండ కాదండి. రేపు పొద్దున్న బొట్టెట్టకముందోసారి చూడండి, ఎట్టినాకోసారి చూడండి."

"అంటే? బొట్టుదా తప్పు?"

"నా చేతిదన్నారు గదండీ," అంది ఆమె, నేల చూస్తూ. "అది అవునో కాదో ఒక్క పొద్దు చూడండి."

ఆ రాత్రి ఆయన నిద్రపోయారో లేదో నాకు తెలియదు. పొద్దున్న పసుపుగిన్నె చేత్తో పట్టుకొని, ముందుగా అద్దంలోంచి నన్ను చూశారు. పాదరసం దారానికి పైన ఉంది. తలుపు తీసి, బొట్టు పెట్టి, తలుపు మూశారు. పంకాగాలి నా నుదుటి తడిమీదుగా వీచింది. నేను చల్లబడ్డాను. పాదరసం దిగింది, ఇంకా దిగింది, వచ్చి ఎర్రదారం దగ్గర ఆగింది. నేను అబద్ధమాడలేదు, నా నుదుటి చల్లదనం ఎంతో అంతే చెప్పాను. అయినా నిజం చెబుతూ అంత సిగ్గుపడిన క్షణం నా బతుకులో మరొకటి లేదు.

"జొరమొచ్చినోడి నుదుటిమీద తడిగుడ్డేసి, అక్కడే చెయ్యెట్టి చూసి జొరం లేదన్నట్టుందండి," అంది ఆమె.

ఆయన గిన్నె కింద పెట్టారు. "అయితే బొట్టు మానెయ్యమంటావా?"

"మానడమెందుకండీ! తలుపుకెట్టండి. లచ్చిందేవి ఉండేది గడప కాడే గదండీ."

ఆయన తన కండువాతో నా నుదురు తుడిచారు. మర వెనక్కి తిప్పారు. పాదరసం మెల్లగా దిగి దారంమీద నిలిచింది. ఆనాటినుంచి బొట్టు తలుపుది, లెక్క నాది. అంకెలు రాని ఆమె కూడా నన్ను చదవగలిగింది. పాదరసం దారంమీద ఉన్నదా లేదా చూస్తే చాలు.

ఇరవై ఒకటోనాడు, రావలసిన వేళకు, టిక్. మొదటివారపు వేడికి కొన్ని గుడ్లు మూగగానే మిగిలాయి. తక్కినవన్నీ లేచాయి. పసుపు ఉండల్లా దొర్లి, తడి ఆరి, కాళ్ళమీద నిలబడ్డాయి. ఆమె వాటిని ఒక్కొక్కటే ఎత్తి బొడ్డు చూసింది. సోమయ్య గుమ్మంలోకి వచ్చి, నవ్వకుండా వెళ్ళిపోయాడు. వారం తిరగకుండా ఎవరో తమ కోడిని పొదగెయ్యాలి రమ్మని ఆమెకు కబురు పెట్టారు.

సూర్రెడ్డిగారు "ఊఁ" అన్నారు. అంతే. పేరెత్తవద్దని పదిమందిలో అన్న మాటను పదిమందిలో వెనక్కి తీసుకోవాలంటే మనిషి దిగాలి; అది పాదరసం దిగినంత తేలిక కాదు. పన్నెండేళ్ళు ఆమె ఆ గదిలో పనిచేసింది. ఆయన ఎన్నడూ కసురుకోలేదు; ఎన్నడూ పేరు పెట్టి పిలవనూ లేదు. ఒక వానకాలం తర్వాత ఆమె రాలేదు. మూడు రోజుల జ్వరమని, పోయిందని విన్నాను. ఆ జ్వరాన్ని కొలిచింది ఎవరో నాకు తెలియదు.

తర్వాత ఎర్రటి అంకెలు వెలిగే యంత్రం వచ్చింది. నాకు పని పోయింది. సూర్రెడ్డిగారు బీరువాను, నన్ను కలిపి పశువైద్య కళాశాలకు ఇచ్చారు. ఇప్పుడు గాజు అలమారులో ఉంటున్నాను. దారం వెలిసి గులాబీరంగు తేలింది, ముడి మాత్రం వదలలేదు.

నిన్న పొద్దున్న, విద్యార్థులు కొత్త గుడ్లు పేరుస్తుండగా, చేతికర్రతో సూర్రెడ్డిగారు వచ్చారు. ఒకమ్మాయి నన్ను చూపించి అడిగింది: "తాతగారూ, దీనికి దారమేంటండీ? ఎవరు కట్టారు?"

ఆయన అలమారు దగ్గరికి వచ్చి, నా దారాన్ని చూశారు. తర్వాత గుడ్లవైపు తిరిగారు. పొద్దున్నే. గుడ్ల ముందు. చేతికర్రను గోడకు ఆనించి, గదిలో అందరూ వినేటట్టు అన్నారు:

"నూకరత్నం."